‘వేరే జబ్బులు కూడా ఉన్నాయట!’

2020 మార్చి రెండో వారం. హన్మకొండలో మా ఇంటి హాల్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. దేశంలో తొలి కోవిడ్ మరణాన్ని ప్రకటించారు. కర్ణాటకలోని కలబురగికి చెందిన 76 ఏళ్ల పెద్దాయన. ఆయనకు అంతకుముందే బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నాయని వెంటనే చెప్పారు. ఆ మాట వినగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ‘‘వేరే జబ్బులు కూడా ఉన్నాయట!’’ అన్నాడు నా సహచరుడు. ‘‘అదీ సంగతి. పాపం పెద్దాయన’’ అన్నారు అత్తయ్య. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి ‘‘అయితే మనకేం కాదు’’ అంది.

నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆ ‘మన’లో నేను లేనన్న సంగతి ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. వాళ్లు నన్ను ప్రేమించేవాళ్లే. ఆస్పత్రుల చుట్టూ నాతో తిరిగినవాళ్లే. అయినా తట్టలేదు. ప్రేమకు కూడా తట్టనంత సహజంగా ఒక మాట మన నాలుకల మీద కుదురుకుందంటే, ఆ మాట వెనక ఏదో రాజకీయం ఉండే తీరాలి. దాని గురించే నా ఈ గొడవ.

నాకు లూపస్ ఉంది. 31 ఏళ్లప్పుడు బయటపడింది. ‘బయటపడింది’ అంటున్నానుగానీ అంతకు మూడేళ్ల ముందునుంచీ నా ఒళ్లు చెబుతూనే ఉంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు. క్లాసులో అరగంట నిలబడితే మోకాళ్లు వాచేవి. ఎండలోకి వెళ్తే ముక్కుకు రెండువైపులా చెంపలు ఎర్రగా కందేవి. ఇక అలసట. నిద్రపోతే తీరని అలసట. ‘ఉద్యోగం, పిల్ల, ఇల్లు - ఏ ఆడదానికి అలసట ఉండదమ్మా’ అన్నారు ముగ్గురు డాక్టర్లు. అందులో ఇద్దరు స్త్రీలే. ఆడవాళ్ల అలసట ఎంత మామూలు విషయమంటే, అది జబ్బు లక్షణమని అనుమానించడానికి కూడా వైద్యానికి మూడేళ్లు పట్టింది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బయటి క్రిముల మీద యుద్ధం చేయాల్సిన రోగనిరోధక వ్యవస్థ, దారితప్పి సొంత శరీరం మీదే దాడి చేయడం లూపస్. కీళ్లు, చర్మం, మూత్రపిండాలు, గుండె పొర, మెదడు - దేన్నీ వదలదు. ఈ జబ్బున్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలే. ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల లోపు, అంటే చదువులు, ఉద్యోగాలు, కాన్పులు, చాకిరీ అన్నీ కలిసి మీదపడే వయసులోనే మొదలవుతుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. అదుపులో పెట్టే మందులున్నాయి. ఆ మందుల్లో చాలావాటి పని నిరోధక వ్యవస్థను అణచి ఉంచడం. అంటే నా శరీరాన్ని నా శరీరం నుంచి కాపాడుకోవాలంటే బయటి క్రిములకు తలుపు కొంచెం తెరిచిపెట్టుకోవాలి. మహమ్మారి వచ్చింది అలాంటి ఇంటికి.

ఇప్పుడు చెప్పండి, ‘వేరే జబ్బులు కూడా ఉన్నాయట’ అన్న మాట ఎవరికి ఓదార్పు?

ఆ మాటను నేను ఒక్క మా ఇంట్లోనే వినలేదు. ఆ తర్వాత రెండేళ్లపాటు పేపర్లలో, ప్రెస్ మీట్లలో, కాలేజీ స్టాఫ్ రూములో, వాట్సాప్ గ్రూపుల్లో వింటూనే ఉన్నాను. మరణాలను ‘కోవిడ్ వల్ల’, ‘ఇతర జబ్బుల వల్ల’ అని శాతాలుగా విడదీసి చూపించిన ప్రభుత్వ బులెటిన్లు చదివాను. ఆ రెండో గడిలో పడ్డవాళ్లు ఎలాగూ పోయేవాళ్లే అన్నట్టు. బీపీతోనో షుగరుతోనో ఇంకో ఇరవై ఏళ్లు బతకాల్సిన మనిషిని వైరస్ పది రోజుల్లో తీసుకుపోతే, చావు లెక్క ఎవరి ఖాతాలో రాయాలి? 2022 జనవరిలో అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ డైరెక్టర్ రోషెల్ వాలెన్‌స్కీ, టీకాలు వేసుకున్నాక కూడా చనిపోయినవాళ్లలో ఎక్కువమందికి నాలుగైనా ఇతర జబ్బులున్నాయని చెబుతూ అది ప్రోత్సాహకరమైన సంగతి అన్నట్టు టీవీలో మాట్లాడింది. అక్కడి వికలాంగుల ఉద్యమం ఊరుకోలేదు, మా ప్రాణాలకు విలువ లేదా అని నిలదీసింది. మన దగ్గర అలా నిలదీసిన గొంతు నాకు వినపడలేదు. నా గొంతుతో సహా. ఆ అపరాధభావం కూడా ఈ వ్యాసం రాయించిన కారణాల్లో ఒకటి.

*

ఇక బిళ్ల కథ చెప్తాను.

లూపస్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ అన్నం లాంటిది. మలేరియా కోసం తయారైన మందు. లూపస్‌లో మాత్రం దశాబ్దాలుగా ఆధారం ఇదే. వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు, వారాలు, నెలలు పడుతుంది. మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. నా బరువుకు డాక్టరమ్మ లెక్కగట్టిన మోతాదు - ఒకరోజు ఒక బిళ్ల, మర్నాడు రెండు.

2020 మార్చి 21న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఈ మందును కోవిడ్‌కు దివ్యౌషధంలా పొగుడుతూ ట్వీట్ చేశాడు. మార్చి 23న మన ఐసీఎంఆర్ సలహా బయటికొచ్చింది. కోవిడ్ రోగులకు సేవచేసే వైద్యసిబ్బంది, రోగి ఇంట్లోని లక్షణాల్లేని మనుషులు ముందుజాగ్రత్తగా దీన్ని వేసుకోవచ్చని. 24వ తేదీ రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ రాత్రి నా డబ్బాలో ఉన్నవి 34 బిళ్లలు. ఇరవై రెండు రోజులకు వస్తాయి.

మర్నాడు పొద్దున నేనెప్పుడూ కొనే మందుల షాపుకు వెళ్లాను. ‘‘లేవు మేడమ్. రెండ్రోజుల్లో మొత్తం ఖాళీ. ఒక్కొక్కరు ఐదేసి, పదేసి షీట్లు పట్టుకుపోయిండ్రు’’ అన్నాడతను. ‘‘మీకోసం ఒక్కటన్నా దాచాల్సింది, గుర్తుకు రాలే’’ అని నొచ్చుకున్నాడు. మార్చి 26న దీన్ని ప్రిస్క్రిప్షన్ లేనిదే అమ్మకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే షాపులు ఖాళీ. ఎగుమతుల మీద 25న ఆంక్షలు పెట్టారు, ఏప్రిల్ 4న పూర్తిగా నిషేధించారు, 7న మళ్లీ సడలించారు. ప్రపంచానికి ఈ మందును ఎక్కువగా తయారుచేసి ఇచ్చేది మనదేశమే అని పేపర్లన్నీ గర్వంగా రాశాయి. ఆ గర్వం నడుస్తున్న రోజుల్లో, ఈ మందు మీదే ఆధారపడ్డ నేను హన్మకొండలో బిళ్లలు లెక్కపెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ మొదటివారంలో మా మరిది ఫోన్ చేశాడు. ‘‘వదినా, మీరేసుకునే బిళ్లే గదా అది. మేం కూడా నాలుగు షీట్లు తెచ్చిపెట్టుకున్నం. ఎట్లేసుకోవాలె?’’ అనడిగాడు. అతను అమాయకంగానే అడిగాడు. అందుకే నాకు నోట మాట రాలేదు. గుండె చప్పుడులో తేడాలొచ్చే ప్రమాదముందని, డాక్టరు చెప్పకుండా వేసుకోవద్దని చెప్పాను. ‘ఆ షీట్లు నాకివ్వు’ అని మాత్రం అడగలేకపోయాను. అతని ఇంట్లో ఇద్దరు పిల్లలు. వాళ్ల నోటి దగ్గర మందు లాక్కున్నదాన్ని అవుతానేమోనన్న వెనకాడింపు. పదేళ్లుగా ఆ మందు మీద బతుకుతున్న ఆడమనిషి, ఏ జబ్బూ లేని మగమనిషి బీరువాలో ఉన్న తన మందును తాను అడగలేకపోయింది. త్యాగం మనకు ఎంత లోతుగా నేర్పారో చూడండి.

ఎవరికీ చెప్పకుండా రోజుకొక బిళ్లకు దిగాను. తర్వాత రోజు విడిచి రోజు. మే నెలలో మణికట్లు వాచాయి. జూన్‌లో మూత్రపరీక్షలో ప్రొటీన్ కనిపించింది. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో నెట్టుకొస్తున్నదాన్ని 40కి వెళ్లాను. ఈ మందు ఒంట్లో వారాల తరబడి నిలవుంటుంది కాబట్టి, మోతాదు తగ్గించడం వల్లే తిరగబెట్టిందని కచ్చితంగా చెప్పలేమంది డాక్టరమ్మ. నిజాయితీగల మాట. నేనూ కచ్చితంగా చెప్పడంలేదు. కానీ కచ్చితంగా చెప్పగలిగినది ఇంకొకటుంది. ఆ జూన్ 5నే బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనం, ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగులకు ఈ మందు వల్ల ప్రయోజనం లేదని తేల్చింది. 15న అమెరికా తన అత్యవసర అనుమతిని వెనక్కి తీసుకుంది. మన చికిత్సా మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసెయ్యడానికి 2021 సెప్టెంబర్ దాకా పట్టింది. ఎవరికి పనిచేస్తుందో తెలిసిన మందును, ఎవరికి పనిచేస్తుందో తెలియని జనానికి పంచారు. వైద్యసిబ్బంది సంగతి నేననడంలేదు, ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లు వాళ్లు. నేనడుగుతున్నది ఒకటే. ఆ సలహా రాసిన గదిలో, ఈ మందు ఇప్పటికే ఎవరి కడుపులోకి పోతోంది, వాళ్లకోసం ఎంత పక్కన పెట్టాలి అని ముందుగా అడిగినవాళ్లున్నారా? మేం ఎక్కువగా ఆడవాళ్లం. జబ్బు బయటికి కనపడదు. ఓటుబ్యాంకు కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో పేర్కొన్న 21 వైకల్యాల జాబితాలో కూడా లూపస్ లేదు.

*

ఈ కాలమంతా నాకు బయటినుంచి అందిన సహాయం సలహాలే. ‘భయపడకు. సగం మంది భయంతోనే పోతున్నారు.’ ‘వార్తలు చూడకు, పాజిటివ్‌గా ఆలోచించు.’ ‘ఇమ్యూనిటీ పెంచుకో.’

ముందు ఆ మూడోదాని సంగతి. మార్చి నెలాఖరుకు ఆయుష్ శాఖ రోగనిరోధకశక్తి పెంచుకునే పద్ధతులు ప్రకటించింది. పసుపు పాలు, చ్యవనప్రాశ, తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి వేసిన కషాయం. నా జబ్బే ఇమ్యూనిటీ అదుపు తప్పడమని ఎన్నిసార్లు చెప్పినా బంధువులకు ఎక్కలేదు. సరే, అది పక్కన పెడదాం. ఆ కషాయం ఎవరు కాచారు? అల్లం దంచింది ఎవరు, రెండు పూటలా గిన్నెలు తోమింది ఎవరు? ప్రభుత్వం ప్రకటించిన ప్రతి ఇంటివైద్యమూ ఒక ఇల్లాలి పనిగంటల మీద వేసిన పన్నే.

ఇక భయం. స్త్రీల భయానికి మన సమాజంలో ఎప్పుడూ రెండే పేర్లు. ఒకటి చాదస్తం, రెండోది పిచ్చి. హిస్టీరియా అన్న మాటే గర్భసంచికి గ్రీకులో ఉన్న పేరునుంచి పుట్టింది. సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి రమ్మంటే చాదస్తం. రాత్రి రెండింటికి లేచి బిళ్లలు లెక్కపెట్టుకుంటే డిప్రెషన్. ఒక కౌన్సెలర్ నాతో ఫోన్లో నలభై నిమిషాలు ఊపిరి తీసి వదిలే వ్యాయామం చేయించింది. మంచి మనిషి. ఆ వ్యాయామం వల్ల ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది. కానీ పొద్దున లేచేసరికి బిళ్లలు 19 నుంచి 18 అయ్యాయి. భయం నా తలలో పుట్టిందైతే తలకు వైద్యం చేయవచ్చు. నా భయం మందుల షాపులో పుట్టింది. దానికి ఊపిరి వ్యాయామం ఏం చేస్తుంది?

నా భయం అజ్ఞానం కాదు, తెలివిడి. ఏ మందు ఏ కణాన్ని అణుస్తుందో, 38 డిగ్రీల జ్వరం నా విషయంలో ఏం చెబుతుందో, ఆస్పత్రిలో మంచం దొరక్కపోతే స్టెరాయిడ్ ఎందుకు హఠాత్తుగా ఆపకూడదో నాకు తెలుసు. పదేళ్లు జబ్బుతో కాపురం చేసిన మనిషికి ఉండే తెలివి అది. ‘భయపడకు’ అన్న ప్రతివాళ్లూ నిజానికి ‘నీ భయంతో మమ్మల్ని ఇబ్బంది పెట్టకు’ అన్నారు. ‘ఇంటిమీదికి చేయెత్తాడని ఊరంతా చెప్పకు’ అని ఆడవాళ్లకు చెప్పే గొంతు ఇదే. బాధపెట్టే పరిస్థితిని ముట్టుకోకుండా, బాధపడే మనిషిని మార్చాలనుకునే గొంతు.

‘ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి’ అన్నారు. ఇల్లు క్షేమమైన చోటు కాదని నిరూపించడానికి స్త్రీవాదం ఎన్నేళ్లు కష్టపడిందో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆ నినాదం విని మొదట కోపం తెచ్చుకున్నది మనమే. హింస గురించి రాశాం, చాకిరీ గురించి రాశాం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు జీతంలేని ఆ పని మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారు, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు. అది లాక్‌డౌన్‌కు ముందు లెక్క. అందరూ ఇంట్లోనే ఉన్న 2020లో, వాచిన మణికట్టుతో నేను ఎన్ని నిమిషాలు చేశానో ఏ సర్వేలోనూ లేదు. పొద్దున ఆన్‌లైన్ క్లాసు, తర్వాత వంట, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం కషాయం.

కానీ మనం రాయనిది ఒకటుంది. జబ్బుమనిషికి ఇల్లు ఎంత క్షేమమన్నది ఆ ఇంటి మగవాళ్ల గడప దాటే స్వేచ్ఛ మీద ఆధారపడింది. నేను ఎనిమిది నెలలు గేటు దాటలేదు. మా ఇంట్లో మగవాళ్లు కూరగాయలకని, స్నేహితుడి తండ్రి దినానికని, ‘ఊరికే గాలి కోసం’ అని వెళ్లొచ్చారు. గదిలో మాస్క్ పెట్టుకొమ్మంటే ‘ఇంట్లో కూడానా?’ అన్నారు. ప్రతిసారీ నేను అడగాలి. అడిగిన ప్రతిసారీ ఒక చిన్న యుద్ధం. పదిసార్లు అడిగాక పదకొండోసారి మానేసి, నేనే కిటికీ పక్కన కూర్చునేదాన్ని. ఇంటి శాంతికోసం తన ఊపిరితిత్తులను పందెం కాసే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో!

ఇదే సందర్భంలో ఒక విచిత్రమైన మద్దతు దొరికింది నాకు. ‘చూశావా, మన పెద్దలు ఊరికే పెట్టలేదు. మడి అంటే ఇదే’ అని మెచ్చుకున్నారు కొందరు బంధువులు. వాట్సాప్ నిండా అదే గర్వం. ఆ మెచ్చుకోలు నాకు తిట్టుకన్నా ఎక్కువ మండింది. మడి, మైల ఫలానా మనిషి శరీరంలోనే ఉందంటుంది, ఆ మనిషి ఎంత శుభ్రంగా ఉన్నా దూరంగానే ఉంచుతుంది. మాస్క్ అలా కాదు, ప్రమాదం నా నోట్లోంచి కూడా రావచ్చని ఒప్పుకుంటుంది. మడి పైవాడు కిందివాణ్ణి అంటకుండా చేసిన ఏర్పాటు. మాస్క్ బలంగా ఉన్నవాళ్లు బలం లేనివాళ్ల కోసం పెట్టుకోవలసిన మర్యాద. ఈ రెండింటినీ ఒక గాట కట్టేవాళ్లకు వైరస్సూ తెలియదు, కులమూ తెలియదు.

అయితే ఈ మాట అనడానికి ముందు నా లెక్క నేను చెప్పుకోవాలి. మా ఇంట్లో పనిచేసే ఆమెను మార్చి చివర రావద్దన్నాను. రెండు నెలలు జీతం ఇచ్చాను. మూడో నెల సగం ఇచ్చాను. నాలుగో నెల ఆమె ఫోన్ చేసి ‘‘అమ్మా, నేను చేతులు కడుక్కునే వస్త, బయట బాసాన్లన్న తోమిపోత’’ అంది. నేను వద్దన్నాను, జీతమూ ఆపేశాను. నా పూర్తి జీతం నాకు వస్తూనే ఉంది. ఆమెకూ షుగరుంది. నేను ఇల్లు కదలకుండా బతికిన రోజుల్లో ఆమె మూడిళ్లు పోగొట్టుకుని, నాలుగో ఇంట్లో కోవిడ్ రోగి గిన్నెలు తోమింది. ‘వేరే జబ్బులున్న’ ఇద్దరు ఆడవాళ్లలో ఒకరి భద్రత మరొకరి ప్రమాదంగా మారింది. నా జబ్బు నన్ను పీడితురాలిని చేసిందనుకున్న చోటే, నా కులమూ ఉద్యోగమూ నన్ను యజమానురాలిని చేశాయి. ఆ తర్వాత ఆమె మళ్లీ మా ఇంట్లో పనికి కుదిరింది. ఆపిన జీతం ఏడాది తర్వాత ఇచ్చాను. ఆమె తీసుకుంది, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

*

టీకాల కథ ఇంకా స్పష్టం. 2021 మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకూ, 45 నుంచి 59 మధ్య ఉండి నిర్దిష్టమైన జబ్బులున్నవాళ్లకూ టీకాలన్నారు. ఆ జాబితాలో దీర్ఘకాలం స్టెరాయిడ్లు, నిరోధకశక్తిని అణిచే మందులు వాడేవాళ్లున్నారు. చదివి పొంగిపోయాను, మొదటిసారి ఒక ప్రభుత్వ కాగితం నన్ను గుర్తించిందని. మరుక్షణమే వయసు గుర్తొచ్చింది. నాకు 40. జబ్బుంటే చాలదు, జబ్బుపడడానికి తగిన వయసు కూడా ఉండాలి! అత్తయ్య మార్చిలో వేయించుకున్నారు. ఏ జబ్బూ లేని నా సహచరుడికి 47, ఏప్రిల్ 1న 45 దాటిన అందరికీ తెరిచారు కాబట్టి అతనూ వేయించుకున్నాడు. నిరోధకశక్తిని అణిచే మూడు మందులు మింగుతున్న నేను, 18 దాటినవాళ్లకు మే 1న అనుమతి వచ్చాక, జూన్‌లో డబ్బు కట్టి వేయించుకున్నాను. ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లన్నీ ఆక్సిజన్ కోసం పరుగెత్తుతుంటే ఇంట్లో టీకా లేని పెద్దమనిషిని నేనొక్కదాన్నే.

ఇది ఎవరో పగబట్టి చేసింది కాదు. జబ్బు అంటే ముసలితనంలో వచ్చేది, గుండెకో షుగరుకో సంబంధించింది అన్న ఊహ ఆ గీత గీసింది. పిల్లల్ని కనే వయసులో ఆడవాళ్లను పట్టుకునే జబ్బు ఆ ఊహలో లేదు. ఆడవాళ్ల శరీరం లెక్కలోకి రాని చోట పితృస్వామ్యానికి దురుద్దేశం అవసరం లేదు. మామూలుగా ఉంటే చాలు.

మరి నేనెలా బతికాను? ధైర్యంతో కాదు. ఆ మాట నామీద రుద్దవద్దు. నన్ను బతికించినవి కొన్ని మామూలు పనులు. వరంగల్, ఖమ్మం, కరీంనగర్‌లలో లూపస్, కీళ్లవాతం ఉన్న పదకొండుమంది ఆడవాళ్లం ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరి దగ్గర ఎన్ని బిళ్లలున్నాయో రోజూ రాత్రి తొమ్మిదికి చెప్పుకునేవాళ్లం. మూడు నెలల మందు ముందే కొనుక్కున్న ఒకామె నాకు పది బిళ్లలు పంపింది, పోస్టులో. లాక్‌డౌన్‌లో తపాలాశాఖ మందుల పార్సిళ్లు చేర్చింది. ఆ కవరు తెచ్చిన పోస్ట్‌మన్‌ను నేను ఏ దేవుడికన్నా ఎక్కువగా తలుచుకుంటాను. మరొకామె ఫోన్లో కన్సల్టేషన్ ఇచ్చే డాక్టర్ల నంబర్లు పోగుచేసింది. ఇంకొకామె, మోతాదు దాచి తగ్గించానని చెప్పినప్పుడు నన్ను గట్టిగా తిట్టింది. జూన్‌లో తిరగబెట్టాక ఇంట్లో కూర్చుని కాగితం మీద పనులు పంచాం. రాత్రి వంట సహచరుడిది, బట్టలు మా అమ్మాయివి. అడగకుండానే మాస్క్ పెట్టుకోవడం అందరిది. జబ్బు తిరగబెడితే తప్ప ఆ కాగితం రాలేదు, అదే నా కోపం. కానీ వచ్చింది. మరిది ఆ నాలుగు షీట్లు జులైలో తనే తెచ్చిచ్చాడు, తలొంచుకుని. భయం తగ్గింది అప్పుడు. బిళ్లలు పెరిగితే తగ్గింది. పంచుకుంటే తగ్గింది. ‘ఆందోళనను ఎలా ఎదుర్కోవాలి’ అని అడిగేవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఇంతే.

*

చివరగా మన సంగతి. మనం అంటే రాసేవాళ్లం, చదివేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం.

తెలుగు స్త్రీవాదం శరీరం గురించి మాట్లాడడానికి సిగ్గుపడలేదు. బహిష్టు గురించి, ప్రసవం గురించి, అబార్షన్ గురించి, అత్యాచారం గురించి రాసింది. స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీలే తెలుసుకోవాలని ‘సవాలక్ష సందేహాలు’ లాంటి పుస్తకం తెచ్చింది. అలాంటి మనం కూడా, ఏళ్లతరబడి నయంకాని శరీరాన్ని ఏం చేసుకోవాలో తెలియక పక్కన పెట్టాం. మన కవిత్వంలో స్త్రీ లేస్తుంది, నడుస్తుంది, సంకెళ్లు తెంచుకుంటుంది. పొద్దున లేవలేని స్త్రీ, మంచంమీద నుంచే పోట్లాడే స్త్రీ, నేను చదివినంతలో, అతిథిలాగే వచ్చిపోతుంది. సుసాన్ సొంటాగ్ 1978లోనే జబ్బును ఉపమానంగా వాడడం గురించి ఒక పుస్తకం రాసి హెచ్చరించింది. ఆడ్రే లార్డ్ 1980లో తన కాన్సర్ డైరీలను ప్రచురించి, జబ్బు చుట్టూ ఉన్న మౌనాన్ని స్త్రీవాద ప్రశ్నగా నిలబెట్టింది. మనం వాళ్లను సెమినార్లలో ఉదహరిస్తాం. ఆ తర్వాత 2020లో ఆన్‌లైన్ సభ పెట్టి ‘కరోనాకన్నా ప్రమాదకరమైన వైరస్ పితృస్వామ్యం’ అని చదువుతాం. ఆ సభలో నేనూ ఉన్నాను, చప్పట్ల బొమ్మ నొక్కాను. కానీ రాత్రంతా ఆ వాక్యం నన్ను వేధించింది. అది రాసినవాళ్లకు వైరస్ ఒక ఉపమానం. నాకు వైరస్ అంటే వైరస్సే.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందంది. అంతకు చాలా ముందే మన సభలు మొదలయ్యాయి. కిటికీల్లేని ఏసీ హాళ్లు, భుజం భుజం తగిలే కుర్చీలు. నేనొక్కదాన్నే మాస్క్‌తో వెళ్తే ‘ఇంకా భయమేనా?’ అని నవ్వుతారు, ప్రేమగానే. ఒకసారి ఒక సీనియర్ రచయిత్రి ఫొటో కోసం నా మాస్క్ తనే కిందికి లాగింది. అనుమతి లేకుండా ఆడదాని శరీరాన్ని ముట్టుకోకూడదని మనమందరం రాసినవాళ్లమే గదా?

నాకు జాలి వద్దు. నా పేరుమీద ఒక సభ వద్దు. సభకు గాలాడే హాలు చూడండి. దగ్గొస్తే ఇంట్లో ఉండండి, లేదా మాస్క్ పెట్టుకోండి. రాలేనివాళ్లకోసం, 2020లో అంత తేలిగ్గా తెరిచిన ఆన్‌లైన్ తలుపును మూసెయ్యకండి. ఏదైనా మందు కొరత వచ్చినప్పుడు, అది రోజూ మింగేవాళ్లెవరో ముందు అడగండి. ఇంకొక మహమ్మారి వస్తుంది, ఎప్పుడన్నదే తెలియదు. అప్పుడు కూడా టీవీలో మొదటి మరణం చెబుతారు. వెంటనే ఆ మనిషికున్న జబ్బుల జాబితా చదువుతారు.

ఆ జాబితా విని ఊపిరి పీల్చుకునేముందు, మీ గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నది ఎవరో ఒకసారి చూడండి.